నా క్లాసుకొచ్చి చూడున్రి

ఆ రోజు సరోజన టీచరు లేచి నిలబడకపోతే మేమందరం ఎప్పటిలాగే సంతకాలు పెట్టి, మిర్చి బజ్జీలు తిని, నాలుగింటికల్లా బస్సుకోసం రోడ్డెక్కేవాళ్లం.

నేను అప్పట్లో నెల్లికుదురు మండలంలోని ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ని. చుట్టుపక్కల పద్నాలుగు ప్రాథమిక పాఠశాలలు మా బడి కిందికి వచ్చేవి. నెలకోసారి ఆ బడుల టీచర్లందరూ మా దగ్గర కూడాలి. దాన్ని కాంప్లెక్సు మీటింగు అంటాం. పేరుకు అది ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునే రోజు. జరిగేది మాత్రం వేరు. నేను పైనుంచి వచ్చిన కాగితాలు చదివేవాణ్ని, వాళ్లు సెల్‌ఫోన్లు చూసుకునేవాళ్లు. ఏడేళ్లు అలాగే నడిపాను. ఆ తప్పు నాదేనని ఇప్పుడు చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

2024 నవంబరు మీటింగులో చివరికి ఎప్పటిలాగే అడిగాను, "ఎవరికన్న ఏమన్న సమస్యలున్నయా?" అని. దానికి అలవాటైన జవాబు "లేవు సార్". సగం మంది అప్పటికే సంచులు సర్దుకుంటున్నారు. అప్పుడు మూడో వరసలోంచి ఒకావిడ లేచింది.

"నాకున్నది సార్. నా ఒకటో తరగతిల పదకొండు మంది పిల్లలున్నరు. జూన్ నుంచి చెప్తున్న. ఒక్కలు గూడ ఒక్క ముక్క చదువుతలేరు. ఇరవై రెండేండ్ల సర్వీసు నాది. లోపం నాతానున్నదా, వాళ్లతానున్నదా సమజైతలేదు. ఎవరన్న నా క్లాసుకొచ్చి చూడున్రి."

వెనకనుంచి ఎవరో, "తనిఖీని పిలిచి తెచ్చుకునుడు ఇదే మొదటిసారి చూస్తున్న," అన్నారు మెల్లగా. ఇద్దరు ముగ్గురు నవ్వారు. సరోజనతో పాటే అదే బడిలో పనిచేసే అజిత్ సార్ తల దించుకున్నాడు. నా సంగతి చెప్పాలంటే, నాకు కోపం వచ్చింది. ఏం జవాబు చెప్పాలో తెలియక వచ్చే కోపం అది.

"మేడం, నేను రానా?"

చివరి వరసలో కూర్చున్న జమున అడిగింది. కొత్త డీఎస్సీలో ఉద్యోగం వచ్చి నెల కూడా నిండని అమ్మాయి. ఇరవై ఐదేళ్లుంటాయి. మహబూబాబాద్ దగ్గరి ఒక తండాలో పుట్టి పెరిగింది. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు.

సరోజన ఆ అమ్మాయి వైపు తిరిగి, "రా బిడ్డా. రేపే రా," అంది.

ఇక సరోజన గురించి చెప్పాలి. ఆమెది లింగాల ఘనపూర్. పదిహేనెకరాల రైతుల ఇల్లు. అన్నలిద్దరూ వ్యవసాయం, రాజకీయం చూసుకుంటే, ఈమె ఒక్కతే టీచరు ఉద్యోగం కావాలని పట్టుబట్టి శిక్షణకు వెళ్లింది. అక్కడే ఒక దెబ్బ తగిలింది. పాఠం చెప్పి చూపించమన్నప్పుడు ఈమె నోటినుంచి "గిట్ల", "గది" వచ్చినప్పుడల్లా, కోస్తా నుంచి వచ్చిన ఒక లెక్చరరు ఆ మాటను సాగదీసి తిరిగి పలికేవాడట. తరగతంతా నవ్వేది. పదిహేను రోజుల్లో సరోజన ఒక నిర్ణయానికి వచ్చింది: బడి గడప లోపల పుస్తకంలో ఉన్న తెలుగు తప్ప ఇంకోటి మాట్లాడకూడదు. ఇరవై రెండేళ్లుగా ఆ నియమం తప్పలేదు. బయట "ఎట్లున్నవే" అనే మనిషి, తరగతిలోకి రాగానే "ఎలా ఉన్నావు?" అనేది.

లెక్కల్లో ఆమెకు మంచి పేరుండేది. పాలకుర్తి దగ్గర ఆమె పనిచేసిన బళ్లలో ఐదో తరగతి దాటిన పిల్లలకు భాగహారం రాకపోవడమన్నది లేదు. జిల్లాలవారీగా ఉద్యోగులను సర్దినప్పుడు ఆమె జనగామ జిల్లా వదిలి మా మహబూబాబాద్ జిల్లాకు వచ్చింది. ఇల్లు పాలకుర్తిలో, బడి నెల్లికుదురు మండలంలోని గుండ్లకుంట తండాలో. పొద్దున ఏడింటికి బస్సెక్కి తొర్రూరులో దిగి, అక్కడినుంచి ఆటోలో తండాకు చేరేది. ఆలస్యంగా వచ్చిందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. పాఠం చెప్పదని కూడా ఎవరూ అనలేదు. పిల్లలకు మాత్రం చదువు రాలేదు.

మర్నాడు జమునకు నేను ఒకరోజు అనుమతి రాసిచ్చాను. రాసేటప్పుడు చెయ్యి కొంచెం వెనకాడింది. ఆ తర్వాత జరిగింది ఇద్దరి నోటా విన్నాను, ఎన్నోసార్లు విన్నాను. ఇద్దరూ ఒకటే చెప్పారు.

సరోజన కుర్చీ వేయించింది. జమున కుర్చీలో కూర్చోలేదు. చెప్పులు విడిచి, పిల్లల మధ్యలో, కింద పరిచిన పట్టా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సరోజన కుక్క బొమ్మ చూపించి, "ఇది ఏమిటి? ఇది కుక్క," అంది. పిల్లలు "ఇది కుక్క" అని వల్లించారు. కల్యాణ్ అనే పిల్లవాడు పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. పక్కవాడు కళ్లు పెద్దవి చేసి తిరిగి ఏదో అన్నాడు. సరోజన బల్ల మీద స్కేలుతో కొట్టి, "నిశ్శబ్దం! మాట్లాడకూడదు," అంది. నలభై నిమిషాలు అలాగే సాగింది.

గంట కొట్టాక వరండాలో జమున ఒక కాగితం చేతికిచ్చింది.

"మేడం, నేను మిమ్మల్ని చూడలే. పిల్లలనే చూసిన. విన్నదే రాసిన."

కాగితం మీద ఇలా ఉంది: పిల్లలు తమంతట తాము ముప్పై ఒక్కసారి మాట్లాడారు. ముప్పై ఒక్కసార్లూ లంబాడీలోనే. ముప్పై ఒక్కసార్లూ పాఠం గురించే.

"పాఠం గురించా? ముచ్చట్లు గాదా?" అంది సరోజన.

"గాదు మేడం. మీరు కుక్క బొమ్మ చూపించిన్రు గద. కల్యాణ్ ఏమన్నడో తెల్సునా? 'మా కూతరా నాలుగు పిల్లలను పెట్టింది, ఒకటి తెల్లగున్నది' అన్నడు. కూతరా అంటే కుక్క. పక్క పిలగాడు 'తెల్లది నాకిస్తవా' అన్నడు. మీరు చుప్ అన్నరు."

సరోజన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదువుతూ అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది. జమున భయపడిపోయింది, పెద్దామెను నొప్పించానేమోనని. కానీ సరోజన తలెత్తినప్పుడు ఆమె ముఖంలో బాధ లేదు. పోయిందనుకున్న వస్తువు ఇంట్లోనే దొరికినట్టుంది.

"అంటే వీళ్లకు మాటలు రాక గాదు! తెలివి లేక గాదు! నాకు చెవులు లేవు, గంతే!" అంది. వెంటనే, "నన్ను నోరు మూయించినోన్ని ఇరవై రెండేండ్ల సంది తిట్టుకుంటున్న. నేనేం జేస్తున్న మరి? అదే గద!" అంది. ఆ తర్వాత లేచి జమున చెయ్యి పట్టుకుని, "నాకు నేర్పు. ఇయ్యాలనే నేర్పు. అమ్మనేమంటరు మీల?" అని అడిగింది.

"యాడి."

"రొట్టె?"

"బాటి."

"నీళ్లు?"

"పాణి."

మధ్యాహ్న భోజనం అయ్యేసరికి సరోజన చేతిలో ఇరవై మాటలున్నాయి. మర్నాడు తరగతిలో ఆమె కుక్క బొమ్మ చూపించి, "కూతరా!" అంది. పిల్లలు ఒక్క క్షణం ఆమె ముఖం చూసి, గోల గోలగా నవ్వారు. మేడం లంబాడీ మాట్లాడింది! ఒకమ్మాయి మధ్యాహ్న భోజనం వండే ఆమె దగ్గరికి పరుగెత్తి చెప్పొచ్చింది. సరోజన పలికింది తప్పని పిల్లలు దిద్దారు. ఆమె మళ్లీ పలికింది. మళ్లీ దిద్దారు. ఆ రోజు పదకొండు మందీ మాట్లాడారు.

తర్వాత ఆ మాటలనే తెలుగు అక్షరాలతో బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది. యాడి. బాటి. పాణి. పక్కన బొమ్మలు. అక్షరాలు వేరుగా చెప్పలేదు, పిల్లల నోట్లో ఉన్న మాటలోంచే అక్షరం తీసి చూపించింది. ఐదో రోజు బొమ్మలన్నీ తుడిచేసి, బోర్డు నడిమధ్య ఒకే ఒక మాట రాసి ఊరుకుంది. కల్యాణ్ లేచి బోర్డు దగ్గరికి వచ్చాడు. వేలు పెట్టాడు.

"బా... టి." ఆగాడు. తన నోటినుంచి వచ్చింది తనకే వినపడినట్టు గబుక్కున తిరిగి, "బాటి! మేడం, బాటి!" అని అరిచాడు.

ఆ మధ్యాహ్నం సరోజన జమునకు ఫోన్ చేసింది. జమున హలో అనకముందే, "చదివిండు! జమునా, చదివిండే వాడు!" అంటోంది. ఏం చదివాడో, ఎవరు చదివారో చెప్పనే లేదట. జమునకు అర్థమైంది. ఈమె కూడా అటునుంచి అరిచింది. తన తరగతి పిల్లలు వింతగా చూశారు.

ఇంతవరకు జమున సాయం చేయడమే ఉంది. కానీ ఆ అమ్మాయికీ ఒక గుట్టు ఉంది. ఒక సాయంత్రం తొర్రూరు బస్టాండులో చాయ్ తాగుతూ బయటపెట్టింది.

"అక్కా, నాకు లెక్కలంటే భయం. చిన్నప్పటి సంది బట్టీ కొట్టే పాసైన. మూడో తరగతికి తీసివేతలు చెప్తున్న, ఒక్కలకు వస్తలేవు. ఎవరికన్న చెప్తే కొత్త టీచర్‌కు ఏం రాదంటరని..."

మేడం అక్కగా మారింది ఆ రోజే. సరోజన మర్నాడే నాకు ఫోన్ చేసి, "సార్, ఈసారి నాకు రాసియ్యున్రి," అంది. నేను వెనకాడకుండా రాశాను.

జమున పనిచేసేది పక్క ఊళ్లో. సరోజన అక్కడి మూడో తరగతి పిల్లల మధ్య పట్టా మీద కూర్చుంది. జమున బోర్డు మీద యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేయమని రాసింది. ఇరవై మంది పిల్లల్లో పదిహేడు మంది ముప్పై ఐదు అని రాశారు. జమున ముఖం వాడిపోయింది.

క్లాసు అయ్యాక సరోజన పలకలన్నీ వరసగా పెట్టించింది. "చూడు చెల్లె, పదిహేడు మంది తప్పు. కానీ పదిహేడు మందిది ఒకటే తప్పు. రెండులకెంచి ఏడు పోదు గదా, అందుకని ఏడులకెంచి రెండు తీసిన్రు. పెద్ద దాంట్లకెంచి చిన్నది తియ్యాలె అని వాళ్లకు వాళ్లే ఒక రూలు పెట్టుకున్నరు. ఆలోచిస్తున్నరే పిల్లలు! మొద్దులైతే తలో తీరు రాస్తుండె."

జమున పలకలవైపు చూసింది. తర్వాత నెమ్మదిగా, "అక్కా, నేను గూడ చిన్నప్పుడు గట్లనే చేసేది. టీచరు కొట్టిండు. ఎందుకు తప్పో చెప్పలే," అంది.

ఇద్దరూ కలిసి చీపురు పుల్లలు విరిచి పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లతో కట్టలు కట్టారు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఇందులోంచి ఏడు పుల్లలు ఇవ్వమని అడిగితే పిల్లలు కాసేపు తడుముకున్నారు. ఒక పిల్ల తానే ఒక కట్ట రబ్బరు బ్యాండు పటుక్కున తీసేసింది. పుల్లలు పట్టా మీద చెల్లాచెదురయ్యాయి. "ఇప్పుడొస్తయి!" అంది ఆ పిల్ల. జమున మోకాళ్ల మీద కూర్చుని ఆ పుల్లలను చూస్తూ ఉండిపోయింది. పదులను విప్పడమంటే ఏమిటో ఆమెకు కూడా ఆ నిమిషమే కళ్ల ముందు కనపడిందని తర్వాత నాతో చెప్పింది, దాచకుండా.

డిసెంబరు మీటింగుకు ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారు. ఆ రోజు నేను కాగితాలు బల్ల సొరుగులో పెట్టేసి, మీరు చెప్పండి అన్నాను. అరగంట అనుకున్నది రెండు గంటలు పట్టింది. జరిగిన తప్పులనే ముందు చెప్పారు. ముప్పై ఒక్క మాటల కాగితం చదివినప్పుడు నవంబరులో నవ్వినవాళ్లు నవ్వలేదు. చివర్లో అందరం కలిసి కొన్ని పద్ధతులు అనుకున్నాం. ఇంకొకరి తరగతికి వెళ్లేవాళ్లు టీచరును కాదు, పిల్లల్ని చూడాలి. చూసింది రాయాలి, తీర్పు రాయకూడదు. ఆ కాగితం ఆ టీచరుకే ఇవ్వాలి, నాకు కూడా చూపించనక్కర్లేదు. ఈ చివరిది సరోజన పట్టుబట్టి పెట్టించింది. "సార్ చూస్తడంటే ఎవ్వలు తలుపు తియ్యరు," అంది నా ముఖం మీదే. నిజమే.

అందరూ ఒప్పుకున్నారని చెప్పను. అజిత్ సార్ లేచి, "నా క్లాసుకు మాత్రం ఎవరు రావద్దు. నా పని నేను చేసుకుంట," అని కూర్చున్నాడు. సరోజనదీ ఆయనదీ పక్కపక్క గదులు. మధ్య గోడ సగం వరకే ఉంది. ఫిబ్రవరిలో ఒకరోజు ఆయనే గోడ మీదుగా తొంగిచూసి, "మేడం, పది నిమిషాలు వస్తరా? ఈ పిల్లలు ఎక్కాలు గడగడ చెప్తరు, లెక్క అడిగితే నోరు తెరుస్తలేరు," అన్నాడు. ఆమె చేతిలో సుద్దముక్కతోనే వెళ్లిపోయింది.

తండాలో అసలు గొడవ జనవరిలో జరిగింది. టీక్యా అని తండా పెద్దమనిషి, కల్యాణ్‌కు తాత. బడికి వచ్చి గేటు దగ్గరే నిలబడి గట్టిగా అడిగాడు.

"ఏంది మేడం, మా పోరగాండ్లకు లంబాడీ నేర్పుతున్నరంట? గది ఇంట్ల మేం నేర్పమా? బడికి పంపేది తెలుగు, ఇంగ్లీషు కోసం. గిట్లయితే తొర్రూరు ప్రైవేటు బడి వ్యానొస్తది, అండ్ల ఎక్కిస్తం."

పదకొండు మందిలో నలుగురైదుగురు పోయినా, అసలే పిల్లలు తక్కువున్న ఆ బడి మూతపడుతుంది. అయినా సరోజన వాదించలేదు. "బాపూ, ఎండల నిలబడకు, లోపటికి రా. గంటసేపు కూసో. చూసినంక నీ ఇష్టం," అంది.

టీక్యా లోపలికి వచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. ఆ రోజు సరోజన పిల్లల చేత కథ చెప్పిస్తోంది. కల్యాణ్ తన కుక్కపిల్ల బావి గట్టు మీద తప్పిపోయిన సంగతి లంబాడీలో చెబితే, సరోజన ఒక్కో వాక్యాన్నీ తెలుగులో ఎట్లా అంటారని అడుగుతూ బోర్డు మీద రాసింది. ఆరు వాక్యాలయ్యాయి. ఆఖరున కల్యాణ్ వేలు పెట్టి, ఆ ఆరు తెలుగు వాక్యాలనూ చదివాడు. నాలుగో వాక్యం దగ్గర ఆగాడు, తానే దిద్దుకుని ముందుకు పోయాడు.

"మల్లొకపారి చదవమను," అన్నాడు టీక్యా. కల్యాణ్ మళ్లీ చదివాడు. ముసలాయన లేచి మనవడి తల మీద చెయ్యి పెట్టి, "నన్ను ఈ బడిలనే మూడు రోజులు కూసోబెట్టిన్రు మేడం. ఒక్క మాట సమజ్ గాలే. నాలుగో దినం బర్ల ఎంట పోయిన," అన్నాడు. అంతే చెప్పి వెళ్లిపోయాడు. వ్యాను మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఏప్రిల్‌కు పదకొండు మందిలో ఎనిమిది మంది చిన్న వాక్యాలు చదివారు. ఇద్దరు మాటలు చదివారు. ఒక్క పిల్ల మాత్రం ఇంకా అక్షరాల దగ్గరే ఉంది. తల్లిదండ్రులు కూలికి వెళ్తూ నెలల తరబడి ఆ పిల్లను వెంట తీసుకుపోయారు. సరోజన ఎనిమిది మంది గురించి సంబరపడుతూనే ఆ ఒక్కదాని గురించి ఎక్కువ మాట్లాడేది.

మా కాంప్లెక్సు సంగతి అలా అలా భూపాలపల్లి దాకా పోయింది. అక్కడ కరుణాకర్ అని నా పాత మిత్రుడు ఉన్నాడు. అడవి వైపు ఒక ఊళ్లో ప్రాథమిక బడి నడుపుతాడు. మరుసటి శీతాకాలం ఫోన్ చేసి, "మా దగ్గర నలభై మంది టీచర్లను జమచేస్త. ఆ ఇద్దరు మేడంలను తీసుకరా. మా గిరిజన పిల్లలకు పాఠం చెప్పి చూపించాలె," అన్నాడు.

ఇక్కడ నేనొక పెద్ద పొరపాటు చేశాను. గిరిజన పిల్లలు అనగానే తండా పిల్లలే అనుకున్నాను. సరోజనకు, జమునకు అదే చెప్పాను. వాళ్లు వారం రోజులు కూర్చుని బొమ్మలు, లంబాడీ మాటలతో అరవై అట్ట కార్డులు తయారుచేశారు. ముగ్గురం హన్మకొండ, పరకాల మీదుగా బస్సులో బయల్దేరాం. దారి పొడవునా ఇద్దరూ ఆ కార్డుల గురించే మాట్లాడుకున్నారు. సరోజన అంతకుముందెప్పుడూ పరాయి జిల్లాలో, అంతమంది పెద్దవాళ్ల ముందు నోరు విప్పలేదు. పరకాల దాటాక, "సార్, నా మాట విని నవ్వుతరేమో," అంది. జమున, "నవ్వితే నవ్వనీ అక్కా, పిల్లలు రోజు నవ్వుతలేరా?" అంది. సరోజన పకపకా నవ్వింది.

బడిలో పెద్ద హాలు. చుట్టూ కుర్చీల్లో నలభై మంది టీచర్లు. మధ్యలో పట్టా మీద పన్నెండు మంది ఒకటో తరగతి పిల్లలు. సరోజన నీళ్ల బొమ్మ చూపించి ఉత్సాహంగా, "పాణి!" అంది.

ఎవరూ పలకలేదు.

ఇంకో కార్డు. "బాటి!" పన్నెండు ముఖాలూ ఖాళీగా ఉన్నాయి. కరుణాకర్ నా దగ్గరికి వంగి, "వీళ్లు కోయ పిల్లలన్నా. లంబాడీ ఏం తెలుస్తది?" అన్నాడు. కుర్చీల్లోంచి ఒక పెద్దాయన గట్టిగానే, "భాష తెల్వకుండ పాఠమెట్ల చెప్తరు మేడం?" అన్నాడు.

సరోజన కార్డులు పక్కన పెట్టింది. ఆయన వైపు తిరిగి, "నిజమే సార్. నాకు వీళ్ల మాట తెల్వదు. మీల ఎవరికన్న ఎరుకేనా?" అని అడిగింది. ఒక్క చెయ్యీ లేవలేదు. కరుణాకర్ కూడా చెయ్యి సగం ఎత్తి దించేశాడు.

"అయితే నేర్చుకుందం," అంది సరోజన. పట్టా మీద కూర్చుని, తన సీసాలోంచి గ్లాసులోకి నీళ్లు వంపి, తాగి, గ్లాసు ముందు పెట్టింది. దాన్ని చూపించి, ఏమంటారన్నట్టు చెయ్యి తిప్పింది. శాంతి అనే చిన్నపిల్ల, రెండు జడలది, మెల్లగా అంది.

"ఏర్."

"ఏరా? వాగా? వాగు కాదమ్మా..." అనబోయి సరోజన ఆగిపోయింది. శాంతి ముందుకు వంగి గ్లాసులో వేలు ముంచి, తడి వేలు చూపిస్తూ మళ్లీ, "ఏర్," అంది.

సరోజన ఒక్క ఉదుటున లేచి బోర్డు మీద పెద్దగా ఏర్ అని రాసింది. తిరిగి, "ఏర్!" అంది. పలకడం తప్పిందేమో, పిల్లలు కిలకిల నవ్వారు. శాంతి దిద్దింది. ఆమె మళ్లీ పలికింది. ఇంకో పిల్లవాడు ఇంటి బొమ్మ లాక్కుని దాని పేరు అరిచాడు. ఇంకోడు కోడి బొమ్మ. అరవై కార్డులూ పట్టా మీద పరుచుకున్నాయి. పిల్లలు పేర్లు చెబుతుంటే జమున గబగబా రాసుకుంటోంది. సరోజన బోర్డు మీద రాస్తూనే ఉంది. పావుగంట తర్వాత ఆమె బోర్డుకు అటు చివర, బొమ్మ లేకుండా, ఏర్ అని రాసి శాంతిని పిలిచింది. శాంతి అక్షరాలను చూసింది, గ్లాసును చూసింది, "ఏర్!" అంది గట్టిగా. సరోజన దాని కింద నీళ్లు అని రాసింది. పిల్లలు రెండూ కలిపి పాటలా అందుకున్నారు.

టీచర్లు ఎప్పుడు లేచారో తెలియదు, అందరూ పట్టా చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"పదేండ్ల సంది కోయ పిల్లలు నా క్లాసుల 'ఏర్, ఏర్' అనుకుంట లేస్తరు. వాగుకు పోతమంటున్నరు అనుకున్న. పోవద్దు, కూసోండ్రి అన్న. నీళ్లు అడుగుతున్నరా వీళ్లు!"

ఇందాక ప్రశ్న అడిగిన పెద్దాయన వెళ్లి, మూలనున్న బకెట్‌లో గ్లాసు ముంచి తెచ్చి, శాంతి ముందు కూర్చుని, "ఏర్?" అన్నాడు. ఆ పిల్ల గ్లాసు తీసుకుని గటగటా తాగింది. అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరి తరగతిలో ఏ పిల్లవాడు ఏ మాట అంటాడో, దానికి తాము ఏం అర్థం చేసుకున్నామో. మేము నాలుగింటి బస్సు ఎక్కాల్సింది. ఆరు దాటినా కదల్లేకపోయాం. ఎవరూ కదలనివ్వలేదు.

ఇప్పుడు భూపాలపల్లి వైపు ఆ టీచర్లు పిల్లల దగ్గర కోయ మాటలు సేకరిస్తున్నారు. కరుణాకర్ వారానికోసారి ఫోన్ చేసి జమునతో గంటలకొద్దీ మాట్లాడతాడు. జమున ఈ మధ్య లెక్కల మీద ఇతర టీచర్లకు శిక్షణ ఇస్తోంది. లెక్కలంటే భయమని ముందుగా చెప్పేసి మొదలుపెడుతుందట.

నేను మార్చిలో రిటైరయ్యాను. జూన్‌లో సరోజనకు జనగామ జిల్లాకు బదిలీ అయింది. తండా వదలడానికి ఆమె ఏడ్చిందని విన్నాను. అజిత్ సార్ ఆమె తరగతి తీసుకున్నాడు, ఇరవై లంబాడీ మాటలతో కాదు, రెండు వందలతో. ఆమె ఇప్పుడు తన సొంత ఊరికి దగ్గరి బడిలో ఉంది. అక్కడ అందరూ తెలుగు పిల్లలే, టీచర్లే ఆమెకు కొత్తవాళ్లు. చేరిన మొదటి వారమే రజిత అనే టీచరు దగ్గరికి వెళ్లి, "మీ క్లాసుల కూసుండొచ్చునా?" అని అడిగిందట. రజిత ముఖం మాడ్చుకుని, "ఎందుకు మేడం? నా మీద ఎవరన్న కంప్లైంటు చేసిన్రా?" అందట. సరోజన చిన్నబుచ్చుకోలేదు. "లేదమ్మా. మీ పిల్లలు పద్యాలు మస్తు పాడుతున్నరు, గోడ అవతలికి వినవడ్తది. నా పిల్లలు పాడ్తలేరు. ఎట్ల చెప్తున్నరో చూద్దమని," అందట.

నిన్న పొద్దున నేను పేపరు చదువుతుంటే ఫోన్ మోగింది. సరోజన. నేను హలో అనకముందే మొదలైంది.

"సార్! రజిత మేడం తరగతిల కూసున్న సార్. పద్యం ముందు చెప్పదు ఆమె. చప్పట్లు కొట్టిస్తది, గంతే. పిల్లలు చప్పట్లల్ల లెక్క పట్టుకున్నంక మాటలు పెడ్తది. నేనెన్నడు గిట్ల ఆలోచించలే సార్! వినున్రి, వినున్రి, మీకు చేసి చూపిస్త..."

ఫోన్లోంచి చప్పట్లు వినపడ్డాయి. ఒకటి, రెండు, ఆగి, మూడు. నేను పేపరు మడిచి పక్కన పెట్టి, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఇటునుంచి కొట్టడం మొదలుపెట్టాను.